టెస్టింగ్‌లో ఒక లెవెల్ వదిలేయొచ్చా? తేల్చుకోవడానికి అడుగడుగునా ఒక పద్ధతి

దసరా దగ్గర పడిందంటే మా ఆఫీసులో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మాది హనుమకొండలో ఆరుగురు పనిచేసే చిన్న టీమ్. పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగ్ మిల్లులకు పత్తి కొనుగోలు సాఫ్ట్‌వేర్ చేస్తాం, అంటే కాంటా నుంచి బరువు తీసుకోవడం, తేమ శాతం ఎక్కించడం, ధర లెక్కకట్టి రైతు చేతికి తక్‌పట్టీ, అంటే కొనుగోలు రసీదు, ఇవ్వడం వరకు. ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి రావడం మొదలయ్యాక మిల్లుల నుంచి ఫోన్లు ఆగవు, ఈ మార్పు రేపు పొద్దునకల్లా కావాలంటారు, అప్పుడు మాలో ఎవరో ఒకరు "అన్నా, యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాయి కదా, ఈసారికి ఇంటిగ్రేషన్ వదిలేద్దామా?" అంటారు.

యూనిట్ టెస్ట్ అంటే కోడ్‌లోని ఒక్కో ముక్కను విడిగా చూడటం, ఇంటిగ్రేషన్ అంటే ఆ ముక్కలు కలిసి సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూడటం; టెస్టింగ్‌లో ఇలాంటి మెట్లనే లెవెళ్లు అంటారు. అడగడం తప్పేమీ కాదు. నా జవాబు కూడా సూటిగానే చెప్తాను: కొన్నిసార్లు వదిలేయొచ్చు. ప్రతి చిన్న మార్పుకూ అన్ని లెవెళ్లూ పూర్తిగా నడపాలని పట్టుబడితే చిన్న టీములకు రిలీజ్ అనేదే ఉండదు. కాకపోతే ఒక లెవెల్ వదిలేసినంత మాత్రాన ఆ లెవెల్ అడిగే ప్రశ్న ఎక్కడికీ పోదు. దానికి ఇంకో చోట జవాబు దొరికిందా లేదా అన్నది చూసుకుని వదిలేయాలి. ఎలా చూసుకోవాలో, మాకు దెబ్బ తగిలాక ఒక్కొక్కటిగా కుదిరిన పద్ధతి ఇది.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్పాలి, ఎందుకంటే కింద చాలాసార్లు దాని దగ్గరికే వస్తాను.

పత్తి ధర లెక్క బయటివాళ్లకు తెలియకపోవచ్చు. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర వస్తుంది. ఆపైన ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది, 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనదు. మాకు పని ఇచ్చిన ఒక మిల్లు కూడా ఇదే పద్ధతిలో, పాయింట్ తర్వాతి అంకెలతో సహా కోత లెక్కకట్టేది. మా ధర ఫంక్షన్‌కు యూనిట్ టెస్టులు బాగా రాశాం: 8, 8.5, 9, 12, 12.1 అన్నీ ఇచ్చి చూశాం, పైసా తేడా రాలేదు. ఆ టెస్టుల్లో అసలు డేటాబేస్ బదులు మాక్, అంటే దానిలా నటించే ఉత్తుత్తి ముక్క, పెట్టుకున్నాం. టైమ్ లేదని ఇంటిగ్రేషన్ టెస్ట్ వదిలేశాం.

అసలు డేటాబేస్‌లో తేమ కాలమ్ పూర్ణాంకాల టైపులో ఉంది. ఆపరేటర్ 8.5 అని కొడితే అది 9గా సర్దుకుని సేవ్ అయ్యేది, ధర ఫంక్షన్ ఆ 9ని తీసుకుని తన లెక్క తాను సరిగ్గానే చేసేది. పైన చెప్పిన 8,110 ధర పెట్టి చూడండి: 8.5కి రావాల్సింది 8,069.45, చేతికి వచ్చేది 8,028.90. క్వింటాలుకు 40.55 రూపాయలు పోయినట్టు. ట్రాక్టర్ మీద 20 క్వింటాళ్లు తెచ్చిన రైతుకు 811 రూపాయలు, అంటే దాదాపు ఒక పూట కూలీల డబ్బులు. అటు 8.4 ఉన్నవాళ్లకేమో 8గా సర్దుకుని కోతే పడేది కాదు, అక్కడ మిల్లు నష్టపోయేది. ఈ ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో సాయంత్రం మొత్తం లెక్కలో ఏ తేడా కనిపించలేదు, అందుకే మూడు రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగో రోజు ఒక పెద్దాయన తక్‌పట్టీ వెనకాల పెన్నుతో లెక్క వేసుకుని వచ్చి, "బిడ్డా, ఎనిమిదిన్నర తేమకు ఇంత కోత ఎట్లా పడ్తది?" అని అడిగాడు. ఆయన లెక్కే సరైంది. మూడు రోజుల తక్‌పట్టీలన్నీ మళ్లీ లెక్క చేసి, తక్కువ పడ్డవాళ్లకు తేడా ఇప్పించడానికి వారం పట్టింది. డబ్బులు ఇవ్వగలిగాం కానీ, ఆ వారం మిల్లు గేటు దగ్గర రైతులు మా మిషన్‌ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అడుగు 1: లెవెళ్ల పేర్లు పక్కన పెట్టి ప్రశ్నలు రాసుకోండి

యూనిట్, ఇంటిగ్రేషన్, సిస్టమ్, యాక్సెప్టెన్స్ అని పుస్తకంలో నేర్చుకున్న పేర్లతో మాట్లాడుకుంటే "అది వదిలేద్దాం" అనడం చాలా తేలిక. అదే ప్రశ్న రూపంలో పెడితే నోరు అంత తేలిగ్గా రాదు. ఒక కాగితం మీద మీ ప్రాజెక్టు మాటల్లోనే రాయండి. మా కాగితం ఇలా ఉంటుంది: ఇచ్చిన తేమకు, ఇచ్చిన ధరకు లెక్క సరిగ్గా వస్తోందా (యూనిట్). ఆపరేటర్ కొట్టిన అంకె, కాంటా పంపిన బరువు మధ్యలో మారకుండా లెక్క దాకా చేరుతున్నాయా (ఇంటిగ్రేషన్). కరెంటు పోయి వచ్చినా, నెట్ లేకపోయినా, గేటు బయట వంద బండ్లున్నా మొత్తం పని నడుస్తోందా (సిస్టమ్). ఆ కాగితం చూసి రైతుకు, మిల్లు గుమాస్తాకు విషయం అర్థమవుతోందా (యాక్సెప్టెన్స్).

"తేమ అంకె మారకుండా చేరుతోందా అన్నది చూడకుండా రిలీజ్ చేద్దామా?" అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే మాలో ఒక్కరూ సరే అనేవాళ్లం కాదు.

టెస్టర్లకు సర్టిఫికెట్ పరీక్షలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌టీక్యూబీ వాళ్లు 2023లో తెచ్చిన ఫౌండేషన్ సిలబస్‌లో ఇంటిగ్రేషన్‌ను రెండుగా విడదీసి మొత్తం ఐదు లెవెళ్లు చెప్పారు: మన సొంత ముక్కల మధ్య ఒకటి, మన సిస్టమ్‌కూ బయటి సిస్టమ్‌లకూ మధ్య ఇంకొకటి. పరీక్ష కోసం బట్టీ పట్టే విషయంలా అనిపిస్తుంది కానీ, కాంటా మిషన్, పేమెంట్ గేట్‌వే, ప్రభుత్వ పోర్టల్ లాంటివాటితో మాట్లాడే ప్రాజెక్టులకు ఈ విభజన నిజంగా పనికొస్తుంది. మొదటిది మన చేతిలో ఉంటుంది. రెండోదాంట్లో అవతలివాళ్లు చెప్పకుండా మార్చేస్తారు.

అడుగు 2: మార్పు ఏ గీత దాటుతోందో చూడండి

ప్రాజెక్టు మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోకండి. "మా ప్రాజెక్టులో ఇంటిగ్రేషన్ టెస్టింగ్ చేయం" అనేది ఎప్పటికీ చెల్లే మాట కాదు, "ఈ మార్పుకు అక్కర్లేదు" అనేది చెల్లొచ్చు. అందుకని మారిన ఫైళ్ల జాబితా తెరిచి, ఈ కిందివాటిలో ఏదైనా ఉందేమో చూడండి: డేటాబేస్ కాలమ్ లేదా దాని టైపు, ఏపీఐలో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారిలో) ఒక ఫీల్డ్, తేదీ లేదా టైమ్ ఫార్మాట్, కొలత యూనిట్లు, రౌండింగ్, బయటి లైబ్రరీ వెర్షన్, కాన్ఫిగ్ ఫైలు. ఒక్కటి ఉన్నా ఇంటిగ్రేషన్ వదిలేసే చర్చ అక్కడితో ఆపేయండి.

కొలతల మీద ఒక మాట. 1999 సెప్టెంబర్‌లో నాసా అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను పోగొట్టుకుంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ బలాన్ని పౌండ్ల లెక్కలో ఇస్తే, దాన్ని తీసుకునే సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్క అనుకుంది. అంకె మాత్రం ఎక్కడా తప్పు పోలేదు, దానికి అర్థమే మారింది. కిలోలు, క్వింటాళ్లు, బస్తాలు మూడూ కలిసి తిరిగే మన దగ్గర ఇది రోజువారీ ప్రమాదం.

అడుగు 3: తప్పు జరిగితే ఎవరి మీద పడుతుందో పేరు పెట్టి రాయండి

రిస్క్ హై, మీడియం, లో అని రాసుకోవడం వల్ల నాకెప్పుడూ ఉపయోగం కనిపించలేదు. దానికి బదులు రెండు వాక్యాలు రాయండి: తప్పు వస్తే ఎవరికి ఏం పోతుంది, పోయినదాన్ని తిరిగి ఇవ్వగలమా. రిపోర్టులో రంగు తప్పు వస్తే రేపు మారుస్తాం, ఎవరికీ ఏమీ పోదు. ధర తప్పు వస్తే డబ్బు తిరిగి ఇవ్వొచ్చు కానీ నమ్మకం అంత త్వరగా తిరిగి రాదు. ఇంకొన్ని ఉంటాయి, వాటిలో వెనక్కి తీసుకోవడం అనే మాటే ఉండదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో మార్కుల తప్పులు బయటపడినప్పుడు ఈ రాష్ట్రంలో ప్రతి ఇంట్లో ఎంత బాధ చూశామో వేరే చెప్పక్కర్లేదు. పిల్లల మార్కులు, మందుల మోతాదు, పింఛను జాబితా లాంటివాటిని తాకే కోడ్‌కు ఈ అడుగు దగ్గరే జవాబు తేలిపోతుంది: ఏ లెవెలూ వదలొద్దు, డెడ్‌లైనే జరపండి.

అడుగు 4: ఇప్పుడు ఒక్కో లెవెల్ సంగతి

యూనిట్ టెస్టులు. ఇక్కడ తీసుకొచ్చి అక్కడ ఇచ్చే కోడ్ ఉంటుంది, అందులో సొంత ఆలోచన ఏమీ ఉండదు, ఫారం నుంచి తీసుకుని టేబుల్‌లో పెట్టడం లాంటిది. దానికి విడిగా యూనిట్ టెస్ట్ రాయకపోయినా నష్టం లేదు, ఇంటిగ్రేషన్ టెస్టే దాన్ని పట్టుకుంటుంది. కానీ లెక్క, షరతు, హద్దు ఉన్న చోట వదలకండి. 8 దగ్గర, 12 దగ్గర, ఆ రెండింటికీ అటూ ఇటూ ఏం జరుగుతుందో పై లెవెళ్ల నుంచి చూడాలంటే ప్రతి కేసుకూ స్క్రీన్ తెరిచి, బరువు పెట్టి, తక్‌పట్టీ తీయాలి. అన్ని కేసులు ఎవరూ చూడరు.

ఇంటిగ్రేషన్. టైమ్ లేనప్పుడు జనం మొదట వదిలేసేది దీన్నే, నా అనుభవంలో వదలకూడనిది కూడా ఇదే. కింద యూనిట్ టెస్టులు పచ్చగా కనిపిస్తుంటాయి, పైన ఒకసారి స్క్రీన్ తెరిచి చూస్తే పని నడుస్తున్నట్టే ఉంటుంది, మధ్యలో ఏముందో ఎవరూ చూడరు. మాక్ అంటే అవతలి ముక్క ఎలా ఉంటుందో మనం ఊహించుకున్న రూపం. మన ఊహ తప్పైతే మాక్ కూడా అదే తప్పు చేస్తుంది, కాబట్టి టెస్ట్ పాసవుతుంది. మా తేమ కాలమ్ విషయంలో జరిగింది అక్షరాలా ఇదే. దీన్ని ఎప్పుడు వదలొచ్చంటే, మార్పు ఒకే ముక్క లోపల ఉండి, ఆ ముక్క లోపలికి తీసుకునేదీ బయటికి ఇచ్చేదీ ఏమీ మారనప్పుడు మాత్రమే.

సిస్టమ్ టెస్టింగ్. చిన్న మార్పుకు పూర్తి సిస్టమ్ టెస్ట్ వదిలేయొచ్చు, కొద్దిమందికి ముందు ఇచ్చి చూసే ఏర్పాటు ఉంటే. అయితే రెండు సందర్భాల్లో వద్దు. ఒకటి, రెండేళ్లకోసారి మేడారం జాతరకు జనం ఒక్కసారే వచ్చినట్టు మీ సిస్టమ్ మీద లోడ్ కొన్ని రోజుల్లోనే పడుతుందంటే, ఆ రోజులకు ముందు వద్దు. రెండోది, పాత కోడ్‌ను కొత్త చోటికి తీసుకెళ్తున్నప్పుడు.

ఈ రెండోదానికి ఏరియన్ 5 కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1996 జూన్ 4న ఆ రాకెట్ మొదటిసారి ఎగిరింది, సుమారు 40 సెకన్లలో పేలిపోయింది. దిశ, వేగం చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్ ఏరియన్ 4 నుంచి తెచ్చింది, అక్కడ ఏళ్ల తరబడి బాగా నడిచింది. ఏరియన్ 5 అడ్డంగా వెళ్లే వేగం దానికన్నా ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల నుంచి 16 బిట్లకు మార్చబోతే అది 32,767 అనే హద్దు దాటిపోయింది, పరికరం ఆగిపోయింది, తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ ఆగిపోయింది. ఇందులో మనం పట్టుకోవాల్సింది టెస్టింగ్ ఎలా తప్పిందన్నది. పరికరాన్ని విడిగా టెస్ట్ చేసినప్పుడు ఏరియన్ 5 ప్రయాణ మార్గం విలువలు ఇవ్వలేదు. మొత్తం సిస్టమ్ టెస్ట్‌లోనేమో అసలు పరికరాన్ని పెట్టకుండా అది ఇచ్చే అంకెలను సిమ్యులేటర్‌తో పంపారు, ఆ పరికరం తన లెవెల్‌లో పాసైంది కదా అని. రెండు లెవెళ్లూ నడిచాయి, ప్రశ్న మాత్రం రెండింటి మధ్య జారిపోయింది. కాబట్టి "ఏ లెవెలూ వదల్లేదు" అని టిక్ పెట్టుకున్నా సరిపోదు, అడుగు 1లో రాసిన ప్రశ్న పక్కన ఏ టెస్ట్ జవాబిచ్చిందో రాయాల్సిందే.

మా కాంటాకూ ఒక సిమ్యులేటర్ ఉండేది. అది ఎప్పుడూ నిలకడైన బరువే పంపేది. అసలు కాంటా మీదికి బండి ఎక్కుతున్నంతసేపూ అంకె ఊగుతుంది, డ్రైవర్ దిగితే మళ్లీ మారుతుంది. నిలబడిన బరువునే తీసుకోవాలన్న షరతు మాకు అసలు కాంటా దగ్గర కూర్చున్నాకే తోచింది.

యాక్సెప్టెన్స్. లోపలి కోడ్ శుభ్రం చేసినప్పుడు, లాగ్ ఫైళ్లలో రాసేది మార్చినప్పుడు, వాడేవాళ్లకు తేడా తెలియని మార్పులకు దీన్ని వదిలేయండి, టెన్షన్ అక్కర్లేదు. స్క్రీన్ మీద ఒక్క బటన్ కదిలినా వదలకండి. మేము తప్పులు తగ్గాలని "ఖాయమేనా?" అని అడిగే పెట్టె ఒకటి పెట్టాం. కాంటా రూమ్ ఆపరేటర్ స్క్రీన్ చూడకుండానే ఎంటర్ మూడుసార్లు కొట్టే అలవాటు ఉన్న మనిషి, ఆ పెట్టె ఒకటి వచ్చిందనే ఆయనకు తెలియలేదు. అరగంట పక్కన కూర్చుంటే ఇది తెలిసేది.

అడుగు 5: వదిలేసినదానికి బదులు ఏం పెడుతున్నారో చెప్పండి

"బదులు ఏమీ లేదు" అని జవాబు వస్తే వదలొద్దు. బదులు పెద్దదే కానక్కర్లేదు. ఇంటిగ్రేషన్ సూట్ పూర్తిగా రాసే టైమ్ లేకపోతే కనీసం మాక్ తీసేసి, కంటైనర్‌లో (టెస్ట్ కోసం విడిగా నడుపుకునే చోట) అసలు డేటాబేస్ లేపి, ఒక్క రికార్డు రాసి మళ్లీ చదివి రెండూ ఒకటేనా అని చూడండి. 8.5 రాసి 8.5 వస్తోందా అని చూసే ఆ ఒక్క టెస్ట్‌కు పదిహేను నిమిషాలు చాలు, మమ్మల్ని ఆ వారం నుంచి అదే కాపాడి ఉండేది. బయటి ఏపీఐ అయితే వాళ్లు పంపాల్సిన ఫీల్డులు, వాటి టైపులు సరిచూసే కాంట్రాక్ట్ టెస్ట్ పెట్టండి. సిస్టమ్ టెస్ట్ వదిలేస్తే ముఖ్యమైన ఒకే ఒక దారిని, మాకైతే బండి ఎక్కడం నుంచి తక్‌పట్టీ ప్రింట్ దాకా, చేత్తో ఒకసారి నడపండి. నియమం మారితే పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, నిన్నటి తక్‌పట్టీలన్నీ కొత్త కోడ్‌కు ఇచ్చి తేడాలు చూడండి. మొత్తాలు పోల్చకండి, ఒక్కో తక్‌పట్టీ పోల్చండి. మొత్తాలు మమ్మల్ని మూడు రోజులు మోసం చేశాయి.

అడుగు 6: టికెట్‌లో రాయండి, ఒక మనిషి పేరుతో

ఫోన్‌లో "సరే కానియ్" అనుకున్నది నిర్ణయం కింద లెక్క కాదు. మేము టికెట్‌లో, అంటే ఆ పని వివరాలు నమోదు చేసుకునే చోట, నాలుగు లైన్లు రాస్తాం: ఏ లెవెల్ వదిలేస్తున్నాం, ఏ ప్రశ్నకు జవాబు లేకుండా పోతోంది, బదులు ఏం చేశాం, ఏ తేదీకల్లా పూర్తి టెస్ట్ నడుపుతాం. కింద ఒప్పుకున్నవాళ్ల పేరు. ఆ పేరు డెవలపర్‌ది కాకుండా క్లయింట్ తరఫు మనిషిదై ఉండాలి, లేదా నష్టం భరించే స్థానంలో ఉన్నవాళ్లది. చాలాసార్లు "రేపే కావాలి" అన్నవాళ్లు ఈ నాలుగు లైన్లు చదివాక "రెండు రోజులు ఆగుదాం" అన్నారు. జూనియర్లకు ఇది ముఖ్యం: మీ మీద ఒత్తిడి తెస్తున్నప్పుడు వాదించక్కర్లేదు, "సరే సార్, ఈ నాలుగు లైన్లు ఓకే చేయండి" అంటే చాలు.

అడుగు 7: ఒక్క చోట పెట్టి చూడండి, తర్వాతే అందరికీ

ఒక మిల్లులో, అందులోనూ ఒక కాంటాకు, ఒక పూట. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం ముందే ఒకసారి చేసి చూసి ఉండాలి, అవసరం వచ్చాక నేర్చుకోవడం కుదరదు. "ఇది కోడ్ కాదు, ఉత్త కాన్ఫిగ్" అని ఈ అడుగు దాటేయకండి. 2024 జూలై 19న కంప్యూటర్ సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపింది కూడా కొత్త ప్రోగ్రామ్ కాదు, కంటెంట్ అప్‌డేట్. 20 విలువలు మాత్రమే అందే చోట సాఫ్ట్‌వేర్ 21వ విలువ కోసం చూసింది. ముందు చేసిన టెస్టుల్లో ఆ 21వ చోట ఏదైనా సరే అనే గుర్తు పెట్టడంతో తప్పు బయటపడలేదు. దశలవారీగా కాకుండా అందరికీ ఒకేసారి వెళ్లడంతో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి.

ఆ ఒక్క పూటా ఎవరైనా అక్కడ కూర్చుని చూడాలి. పొద్దున పెట్టి మధ్యాహ్నం ఫోన్ చేసి "అంతా ఓకేనా?" అంటే అవతలివాళ్లు ఓకే అనే అంటారు.

అడుగు 8: రాసిన తేదీకి తిరిగి రండి

ఆ తేదీన వదిలేసిన టెస్ట్ నడపండి. తప్పు దొరికితే ఆ ముక్కను "ఇక్కడ ఈ లెవెల్ వదలకూడదు" అనే జాబితాలో వేయండి, ఇకముందు దాని మీద చర్చ ఉండదు. దొరక్కపోతే ఆ ముక్కకు మళ్లీ ఎప్పుడైనా వదిలేయడానికి మీ దగ్గర ఒక ఆధారం ఉన్నట్టు. కొన్ని నెలలకు ఈ జాబితా మీ టీమ్‌కు ఏ పుస్తకం ఇవ్వలేనంత సరిగ్గా దారి చూపిస్తుంది, ఎందుకంటే అది మీ కోడ్, మీ జనం, మీ తప్పులతో తయారైంది.

మా జాబితాలో ఇప్పటికి మూడున్నాయి: తేమ శాతం దారి, కాంటా సీరియల్ పోర్టు (కాంటా నుంచి కంప్యూటర్‌కు అంకె వచ్చే దారి), తక్‌పట్టీ ప్రింటు. ఈ మూడింట్లో ఏది కదిలినా సెప్టెంబర్ చివర్లో ఒక రోజు లాప్‌టాప్ పట్టుకుని మిల్లుకు వెళ్తాం, ఖాళీ ట్రాక్టర్ ఒకటి కాంటా ఎక్కించి, తేమ 8.5 కొట్టి, వచ్చిన కాగితాన్ని అక్కడున్న ఒక రైతు చేతికిచ్చి చదవమంటాం. తక్‌పట్టీ మీద తేమ శాతం కూడా అచ్చు వేయడం అలా ఒక రైతు అడిగాకే మొదలుపెట్టాం.